రెండు తీగలు తక్కువని ఐదొందలు తగ్గించిన గిటార్

కావలి దగ్గర నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు, ఊరు వేయొద్దన్నాడు. వయసు 23. రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తాడు, జీతం 14,000. నాయన వడ్రంగం చేస్తాడు. ఆరేళ్ల కింద ఆయన పని మీద చెన్నై వెళ్లినప్పుడు, కొడుకు గిటార్ గిటార్ అని కలవరిస్తున్నాడని ఒక సెకండ్ హ్యాండ్ షాపులోకి దూరాడు. అక్కడ చూసినదానికి నాలుగే తీగలున్నాయి. 'ఆరుండాలి కదా, రెండు తక్కువున్నాయి' అని గట్టిగా అడిగి, 5,000 చెప్పినదాన్ని 4,500కి తెచ్చాడు. అది కింది స్వరాలు పలికే నాలుగు తీగల బేస్ గిటార్ అని ఇంటికొచ్చి నలుగురికీ చూపిస్తే గానీ తెలియలేదు. అట్లా ఈ తమ్ముడు బేసిస్ట్ అయ్యాడు.

ఇప్పుడు చర్చిలో క్వయర్‌కి వాయిస్తున్నాడు. వాల్యూమ్ నాబ్ ఎప్పుడో ఊడిపోయింది, దాని బదులు టూత్‌పేస్ట్ మూత తొడిగాడు. తల దగ్గర తీగలు ఆనే తెల్ల ముక్క విరిగితే నాయన టేకు ముక్క చెక్కి అతికించాడు. క్వయర్‌లో అందరూ దాన్ని 'పేస్టు గిటార్' అంటారు. కీబోర్డు వాయించే అన్న క్వయర్ లీడర్ కూడా. ఆయన నాలుగు తప్పులు పట్టాడు: పైకి వెళ్లేకొద్దీ శృతి పోతోంది, తీగలు గరగరమంటున్నాయి, స్పీకర్లో గుయ్యిమని హోరు వస్తోంది, మోత గుడ్డలో చుట్టినట్టుంది. పైగా వాయిస్తూ మైకు దగ్గర పాడబోతే మూతికి జిల్లుమని కొడుతోందట, అదీ ఈ గిటార్ వల్లే అంటున్నారు. క్రిస్మస్ లోపల మంచిది కొనకపోతే ఒంగోలు నుంచి వేరే అబ్బాయిని పిలుస్తామని చెప్పేశారు. తమ్ముడు 38,000 పెట్టి ఒకటి చూసుకున్నాడు, పన్నెండు నెలల ఈఎంఐ. చెల్లెలి డిగ్రీ ఫీజు బాకీ ఉంది. నాయనకి మాత్రం 'ఇది చర్చివాళ్లు కొన్నారు' అని చెబుదామనుకుంటున్నాడు. ఆయన ప్రతి ఆదివారం మూడో వరసలో కూర్చుని, ఇంటికెళ్లాక 'ఈరోజు నీది బాగా వినబడిందిరా' అంటాడట.

ఉత్తరం చివరి వాక్యం ఇది: "అన్నా, నిజం చెప్పాలంటే నాకా గిటార్ అంటే ఇష్టం. అట్లా ఇష్టంగా ఉన్నందుకే సిగ్గుగా ఉంది."

తమ్ముడూ,

ఐదొందల బేరం దగ్గర గట్టిగా నవ్వాను, మీ నాయనని ఒకసారి చూడాలనిపించింది. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నేను నెల్లూరులో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పదకొండేళ్లు బేస్ వాయించాను. నాది ప్లైవుడ్ బాడీ. వానాకాలం వస్తే నెక్, అంటే తీగలు సాగే పొడుగు కాడ, విల్లులా వంగేది, ఎండాకాలం వస్తే ఇంకోరకంగా వంగేది. కాబట్టి నువ్వు రాసిన ప్రతి జబ్బూ నేను పడిందే, ఒక్క పేస్టు మూత తప్ప. మేం రేడియో నాబ్ పెట్టుకున్నాం.

ముందు ఒక సంగతి. మీ లీడర్ చెప్పిన నాలుగూ, ఆ జిల్లూ, అన్నీ కలిపి నువ్వు 'చవక గిటార్' అనే ఒక్క సంచిలో వేసి మూతి కట్టేశావు. ఆ సంచి విప్పి చూస్తే కొన్ని గిటార్‌వి, కొన్ని మీ హాలువి, ఒకటి అసలు ప్రాణాలకే సంబంధించింది.

ఆ చివరిదాంతోనే మొదలుపెడతా. మైకు మూతికి తగిలి షాక్ కొడుతుంటే అది గిటార్ తప్పు కాదు. లక్ష రూపాయల గిటార్ తగిలించుకున్నా అట్లాగే కొడుతుంది. నీ తీగలు కింద వాటిని పట్టి ఉంచే బ్రిడ్జి అనే ఇనుప ముక్క మీదుగా, వైరు మీదుగా ఆంప్లిఫైయర్ బాడీకి కలిసి ఉంటాయి. మైకు ఇంకో పెట్టెకి కలిసి ఉంటుంది. ఆ రెండింట్లో ఏదో ఒకదానికి ఎర్త్ లేదు. మూడు పిన్నుల ప్లగ్గుకి పైన లావుగా ఉండే పిన్ను ఎర్త్‌ది, దాన్ని పీకేసో, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో గుచ్చో వాడుతుంటారు మన సభల్లో, నేనే కళ్లారా వందసార్లు చూశాను. 1972లో బ్రిటన్‌లో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజి మీద ఎర్త్ లేని మైకు పట్టుకుని షాక్‌తో చనిపోయాడు. ఈ ఆదివారం వాయించే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. కొత్త గిటార్, పాత గిటార్ మాటలన్నీ దాని తర్వాత. హోరు కూడా సగం దీంతోనే పోవచ్చు. వేలు తీగ మీద పెట్టినా హోరు ఏమాత్రం తగ్గడం లేదా, ఇంకా పెరుగుతోందా చూడు. అట్లా అయితే గిటార్ లోపలి వైరింగ్ కూడా ఒకసారి చూపించాలి, ఎక్కడో ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, టంకం పెట్టే టీవీ మెకానిక్‌కి అది పది నిమిషాల పని. వాల్యూమ్ తిప్పినప్పుడు కరకరమంటే అతని దగ్గరే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉంటుంది, లోపలికి కొంచెం కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పమను.

గుడ్డలో చుట్టినట్టు మోగడం, ఇది నాకు బాగా అనుమానం. బేస్‌ని నేరుగా మిక్సర్‌లోకి గుచ్చుతున్నారు కదూ? బ్యాటరీ లేని బేస్‌ని మిక్సర్ మామూలు లైన్ ఇన్‌పుట్‌లోకి పెడితే ఆ ఇన్‌పుట్ పికప్‌ని, అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే ముక్కని, నొక్కేస్తుంది, పైన ఉండే మెరుపంతా పోయి మొద్దుగా వస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ అని చిన్న డబ్బా పెట్టాలి, మామూలుది రెండు మూడు వేల లోపల దొరుకుతుంది. ఇంకోటి, బేస్ మీద అన్నిటికన్నా లావు తీగని ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 ఊపులు. చర్చిల్లో గోడకి నిలువుగా బిగించే కాలమ్ బాక్సుల్లో చాలావాటికి 70, 80 కిందికి వెళ్లేసరికే గొంతు పూడుకుపోతుంది. అప్పుడు మనకి వినబడేది ఆ స్వరం కాదు, దాని పైన పుట్టే స్వరాలు. వాటిని బట్టి కింద స్వరం ఉన్నట్టు చెవే ఊహించుకుంటుంది. నువ్వు 38,000 పెట్టి తెచ్చినదాన్ని కూడా ఆ మిక్సర్‌లోకే, ఆ బాక్సుల్లోకే కదా పంపేది. మొద్దుగానే వస్తుంది. అప్పుడు మీ లీడర్ నీ వేళ్లని తప్పుపడతాడు.

ఇక శృతి. ఇందులో మీ లీడర్ కరెక్టు, ఇది ఒప్పుకో. నలుగురు పాడుతుంటే బేస్ శృతి తప్పితే పాటంతా ఒరిగిపోతుంది, కీబోర్డు వాయించేవాడికి అది పంటి కింద రాయిలా తగులుతుంది. కానీ ఇది బాగుచేసుకోగలిగిన జబ్బే. ఆరేళ్లలో తీగలు ఎన్నిసార్లు మార్చావో రాయలేదు, బహుశా ఒక్కసారీ మార్చి ఉండవు. అరిగిన తీగ ఏ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ) దగ్గరా సరైన శృతి పలకదు. కొత్త సెట్టు రెండు వేల పైచిలుకు అవుతుంది. అంతవరకూ ఆగలేకపోతే పాతవి విప్పి, నీళ్లలో పది నిమిషాలు మరిగించి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ ఎక్కించు. మురికి దిగిపోయి కొన్నాళ్లు మెరుస్తాయి. నవ్వకు, చాలామంది బేసిస్టులు చేసే పనే ఇది, మా ఆర్కెస్ట్రాలో అన్నం గిన్నెలో ఉడకబెడితే మా అమ్మ ఆ గిన్నె మళ్లీ వంటకి వాడలేదు.

కొత్త తీగలు ఎక్కించాక ఫోన్లో ట్యూనర్ పెట్టుకో. తీగని పన్నెండో ఫ్రెట్ ఇనుప కడ్డీకి సరిగ్గా పైన నొక్కకుండా వేలు ఆనించి మీటి వదిలితే గంటలా ఒక స్వరం వస్తుంది. తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటు. రెండూ ఒకటే చూపించాలి. నొక్కింది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ తీగ కూర్చున్న సాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే నెక్ వైపు జరపాలి. వెనక స్క్రూ ఉంటుంది. నాలుగు తీగలకీ చేస్తే గంట పడుతుంది.

గరగర రెండు రకాలు. ఫ్రెట్ నొక్కినప్పుడల్లా వస్తోందా, ఖాళీ తీగ మీటితే మాత్రమే వస్తోందా? నొక్కినప్పుడు కూడా వస్తే నెక్ చూడాలి. లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చిట్టచివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మధ్యలో ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. అసలు లేకపోతే నెక్ వెనక్కి వంగింది, బాగా ఎక్కువుంటే ముందుకి వంగింది. మీకు సముద్రం దగ్గర, గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క కదులుతుంది, పైగా నాలుగు తీగలూ కలిసి 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఇనుప కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో పావు చుట్టు మాత్రమే తిప్పి ఒక రోజు ఆగి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించొద్దు, నీ చేత్తో అయ్యే పని కాదని వదిలెయ్యి. ఖాళీ తీగకి మాత్రమే గరగర అంటే అది నెక్ కాదు, మీ నాయన చెక్కిన టేకు ముక్క. దాని సంగతి చివర చెబుతా.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని మిగులుతాయి. సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్యలో ఎక్కడో ఒక స్వరం మీటగానే చచ్చిపోతుంది చూడు, మిగతావాటిలా సాగదు. నీది చవకది కాబట్టి అనుకుంటావు. లియో ఫెండర్ అనే అమెరికా గిటార్ల తయారీదారు 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ ఉంది కదా, ఈరోజు మనం చూసే బేసులన్నిటికీ అదే తాత, ఆ వంశంలో ఖరీదైనవాటికి కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఈ చచ్చు స్వరం ఉంటుంది. నెక్ ఊగే తీరు అది. వాయించేవాళ్లు ఆ స్వరాన్ని పక్క తీగ మీద తీసుకుంటారు. నువ్వూ తీసుకుంటూనే ఉండుంటావు, తెలియకుండానే.

నీకు ఊరడింపుగా చెప్పడం లేదు గానీ, చవక బేసుల చరిత్ర చిన్నదేం కాదు. బీటిల్స్ బ్యాండులోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారం హాఫ్నర్ బేస్ కొన్నది ఫెండర్‌కి డబ్బు చాలక, సుమారు 30 పౌండ్లకి. డానెలెక్ట్రో అనే అమెరికా కంపెనీ గిటార్లకీ బేసులకీ ముందూ వెనకా హార్డ్‌బోర్డే కొట్టేది. మీ నాయనకి చెప్పు, బీరువా వెనక కొట్టే రకం అట్ట. వాటి మోత కోసం ఇప్పటికీ వెతుక్కుని కొంటున్నారు. మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అయితే తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆయన్ని చూపించి నువ్వు తీగలు మార్చనంటే మాత్రం ఒప్పుకోను, ఆయన తీగల రకం వేరు, ఆ వేలు వేరు. ఇంకో చిత్రం, ఇద్దరి బేసులూ దొంగలపాలయ్యాయి. జేమర్సన్ ఫెండర్ ఆయన చనిపోయిన 1983లోనే పోయింది, ఇక దొరకలేదు. మెకార్ట్నీ చవక హాఫ్నర్ 1972లో పోయి యాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది.

అట్లాగని ఖరీదైనవన్నీ దండగ అని చెప్పను. నలభై దాటాక నేనూ ఒక మంచి బేస్ కొన్నాను. బాగుంటుంది. ఒకసారి శృతి చేస్తే మూడు గంటల ప్రోగ్రాం నిలబడుతుంది, ఫ్రెట్ అంచులు చేతికి గుచ్చుకోవు, హోరు లేదు. నువ్వు రోజూ ప్రోగ్రాములకి వెళ్లి దాంతోనే బతకాలనుకుంటే ఏదో ఒకరోజు కొనాల్సిందే. నా తగాదా గిటార్‌తో కాదు, తేదీతో. క్రిస్మస్ లోపల, ఈఎంఐలో, నాయనకి అబద్ధం చెప్పి.

లెక్క నీకు నేను చెప్పాలా, రోజంతా లెక్కలే రాస్తావు. 38,000ని పన్నెండు పెడితే వడ్డీ లేకుండానే నెలకి 3,167. జీతంలో నాలుగో వంతుకి దగ్గర. ఆ పన్నెండు నెలల్లో చెల్లెలి ఫీజు కట్టే తేదీ కూడా వస్తుంది. అప్పుడు ఎవర్ని అడుగుతావు? నాయననే. ఆయనకి అప్పుడు తెలుస్తుంది చర్చివాళ్లు కొన్న గిటార్‌కి వాయిదాలు ఎవరు కడుతున్నారో. అబద్ధం దానికి ముందే బయటపడొచ్చు కూడా, మూడో వరసలో కూర్చునే మనిషి పాస్టర్ గారితో 'మా వాడికి గిటార్ కొనిచ్చారంట, సంతోషం అయ్యగారూ' అనకుండా ఉంటాడా?

బాగుచేయించుకుని దీంతోనే వాయిస్తే తీగలు, డీఐ బాక్స్, మెకానిక్ కూలి అన్నీ కలిపి ఐదారు వేలు. డీఐ బాక్స్ నిజానికి చర్చి కొనాల్సిన సామాను, అడుగు. శృతి సరిపోతుంది, హోరు తగ్గుతుంది. కానీ పేస్టు గిటార్ అనే పేరు పోదు, అది మోతకి పెట్టిన పేరు కాదు కదా. ఐదు రూపాయల నాబ్ పెడితే పోతుందేమో, అది నీ ఇష్టం. నేనైతే మూత ఉంచుతా.

కొత్తది కావాలనే ఉంటే ఇంకో దారి, సంక్రాంతి దాటాక డబ్బు కూడబెట్టి పది పదిహేను వేలలో సెకండ్ హ్యాండ్ కొనడం. ఫెండర్‌వాళ్లే 1982 నుంచి స్క్వయర్ అనే చవక పేరుతో అమ్ముతున్నారు, మిగతా కంపెనీల్లోనూ మొదటి మెట్టు బేసులుంటాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ షాపులోనే చెయ్యి, సందు, పన్నెండో ఫ్రెట్, నాబులు. పేరు చూసి కొనకు, ఒకే మోడల్లో రెండు గిటార్లు రెండు రకాలుగా ఉంటాయి. ఇందులో నష్టం ఏంటంటే ఈ క్రిస్మస్‌కి అందదు.

ఇక ఒంగోలు అబ్బాయి. అతని పేరు వినగానే నీకు టెన్షన్ వచ్చినట్టుంది గానీ, నాకైతే అతను నీకు ఉపయోగపడే మనిషి అనిపిస్తున్నాడు. ఒక రిహార్సల్‌కి రమ్మను. అతని గిటార్ నువ్వు వాయించు, నీది అతను వాయించాలి, అదే మిక్సర్, అదే బాక్సులు, ఫోన్లో రికార్డు చేసి ఏది ఎవరిదో చెప్పకుండా మీ లీడర్‌కి వినిపించండి. రెండు రకాలుగానూ తేలొచ్చు. తేడా కనిపెట్టలేకపోతే గొడవ అక్కడితో సరి. కనిపెట్టేశాడనుకో, లేదా నీ గిటార్ మీదే అతను నీకన్నా బాగా వాయించేశాడనుకో, అది నీకు చేదుగా ఉంటుంది, అయినా 38,000 అప్పు చేశాక తెలియడం కన్నా ముందే తెలియడం నయం. ఈ ఒక్క క్రిస్మస్ అతను వాయిస్తే నువ్వు పక్కన నిలబడి చూడటం కూడా ఒక దారే. అవమానం అనిపిస్తుంది. మన బాలుగారు మద్రాసులో లైట్ మ్యూజిక్ ట్రూప్ నడిపిన రోజుల్లో ఇళయరాజా అందులో గిటార్ వాయించేవారు, పెద్దపెద్దవాళ్లే పక్కన నిలబడి వాయించారు.

మీ లీడర్‌తో మాట్లాడేటప్పుడు శృతి విషయం మొదట నువ్వే ఎత్తు. 'అన్నా, శృతి గురించి మీరన్నది నిజమే, సరిచేస్తున్నా, రెండు వారాలు టైమివ్వండి, ఎర్త్ మాత్రం హాలుది, అది మనం కలిసి చూసుకోవాలి' అను. ఒకటి ఒప్పుకున్నవాడు రెండోది చెబితే వింటారు. అయినా వినకుండా కొనాల్సిందే అంటే అప్పుడు సమస్య మోత కాదని నీకు తేలిపోతుంది. స్టేజి మీద మెరిసేది ఒకటి కావాలంటున్నాడన్నమాట. ఆ మెరుపుకి డబ్బు ఎవరు పెట్టాలో అప్పుడు నిదానంగా అడగొచ్చు.

సిగ్గు గురించి రాశావు. ఆరేళ్లు రోజూ చేతిలో ఉన్నదాని మీద ఇష్టం పుట్టకపోతే ఆశ్చర్యపోవాలి. ఏ స్వరం చచ్చిపోతుందో, ఏ ఫ్రెట్ అంచు గుచ్చుకుంటుందో నీ చేతికి చీకట్లో కూడా తెలుసు. ఇంకా నాకు తోచింది చెప్పనా, నీ సిగ్గు గిటార్ గురించి కాదేమో. వాళ్లు పేస్టు గిటార్ అన్నప్పుడల్లా నీకు మూడో వరస గుర్తొస్తోంది, ఆయన విన్నాడేమోనని. నేను పొరబడి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ టేకు ముక్క. టేకు తలుపులకి మంచిదే గానీ, ఇనుప తీగ ఏళ్ల తరబడి రుద్దితే దాని గాడి అరిగి లోతైపోతుంది, తీగ కిందికి దిగి మొదటి ఫ్రెట్‌కి తగులుతుంది. ఖాళీ తీగ గరగర అదే. దాన్ని మార్చాలి. మామూలుగా ఎముకతో చేస్తారు, షాపుల్లో ప్లాస్టిక్‌వీ దొరుకుతాయి. అయితే మీ నాయన ఆలోచన తప్పు కాదు, వయొలిన్‌కి ఆ ముక్క నల్లటి ఎబొనీ చెక్కతోనే చేస్తారు. చెక్క గట్టిది కావాలి, అంతే. ఉదయగిరిలో గరిటెలు, స్పూన్లు చెక్కే కలప ఎట్లాంటిదో ఆయనకి నాకన్నా బాగా తెలిసుంటుంది.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గిటార్ తీసుకెళ్లి ఆయన పనిబల్ల మీద పెట్టు. లావు తీగని ఖాళీగా మీటి ఆ గరగర వినిపించు. 'నాయనా, నువ్వు చేసిన ముక్క అరిగింది, ఇంకోటి చెయ్యాలి, ఈసారి గాడి ఇంత లోతే ఉండాలి' అని కొలత చూపించు. తీగ మందంలో సగం గాడిలో, సగం పైకి కనబడాలి. పాత ముక్క పారెయ్యొద్దని చెప్పు, కొత్తదానికి దాన్నే అచ్చుగా పెట్టుకోమను.